పర్లాకిమిడిలో నా హ్యామ్ రేడియో: పరీక్ష నుంచి మొదటి మాట దాకా

హ్యామ్ రేడియో అంటే పరీక్ష రాసి లైసెన్సు తీసుకుని, ఫోనూ నెట్టూ లేకుండా సొంత సెట్టుతో దూరాన ఉన్నవాళ్లతో నేరుగా మాట్లాడడం. ఆ పరీక్షకి ఎలా చదవాలో చెప్పేవాళ్లు నాకు చాలామందే దొరికారు. సెట్టు చేతికొచ్చి, ఛార్జింగ్ పెట్టి, ఆన్ చేశాక వారాల తరబడి అందులో ఒక్క మనిషి గొంతు కూడా వినబడకపోవచ్చని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. కొన్న కొత్తలో ఇది పాడైపోయిన సెట్టేమో అని తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను కూడా. ఇంకా అన్నీ గుర్తున్నప్పుడే జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

మాది పర్లాకిమిడి. పేరుకి ఒడిశా గాని మా వీధిలో పాలవాడి దగ్గర్నుంచి పూజారి దాకా అందరితోనూ తెలుగే. బజారులో చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను. ఆధార్, పాన్, జిరాక్స్, పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు, ఇవే పని. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొట్టినప్పుడు కరెంటూ ఫోన్లూ అన్నీ పోయాయి. మా అక్కావాళ్లది ఆర్. ఉదయగిరి వైపు. వాళ్లు ఎలా ఉన్నారో తెలియక ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. బావ సగం దూరం నడిచి, సగం లారీ మీద వచ్చి చెబితే గాని తెలియలేదు. ఆ తర్వాత చాన్నాళ్లకి మా షాపుకి ఒక పెద్దాయన జిరాక్స్ కోసం వచ్చారు. టెక్కలిలో ఉంటారు, రైల్వే టెలికాంలో చేసి రిటైరయ్యారు, కూతుర్ని చూడ్డానికి పర్లాకిమిడి వస్తూంటారు. ఆయన జిరాక్స్ తీయించిన కాగితం హ్యామ్ లైసెన్సు. ఇదేమిటండీ అని అడిగాను. ఆ రోజు నుంచి ఆయన నాకు మాస్టారు.

పరీక్ష సంగతి తొందరగా చెప్పేస్తాను. మొదటిసారి రాసేవాళ్లకి రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ (లైసెన్సులో కింది మెట్టు) చాలు, మోర్స్ (చుక్కలూ గీతలతో పంపే కోడ్) అక్కర్లేదు. పన్నెండేళ్లు నిండిన పిల్లలు కూడా రాయొచ్చు. పేపర్లో రెండు భాగాలు: రేడియో థియరీ, రూల్స్. ఒక్కోదాంట్లో కనీసం 40 శాతం, మొత్తం మీద 50 రావాలి. నేను ఇంటర్ ఆర్ట్స్ గ్రూపు. ఓమ్స్ లా చూసి పదేళ్లు దాటింది. రాత్రి వంటయ్యాక కూర్చుని రెసిస్టర్ల లెక్కలు చేస్తూంటే మా ఆయన టీవీ సౌండు తగ్గించేవారు, అదే నాకు పెద్ద సాయం. క్యూ కోడ్‌లు (మాటలకి బదులు వాడే మూడక్షరాల పొట్టి గుర్తులు), ఆల్ఫా బ్రావో చార్లీ మాత్రం షాపులోనే వచ్చేశాయి. కస్టమర్ల పేర్లన్నీ మనసులో అలా స్పెల్లింగ్ చెప్పుకునేదాన్ని.

అప్లికేషన్ సరళ్ సంచార్ పోర్టల్లో పెట్టాలి. ఊరందరి ఫారాలూ నింపేదాన్ని, నా ఫారం దగ్గర ఆగిపోయాను. నా ఆధార్‌లో ఇంకా పుట్టింటి అడ్రసే ఉంది, పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. ఉండేది ఇక్కడ, ఒడిశాలో. రెండూళ్ల మధ్య ఆటోలో వెళ్లేంత దూరమే, కాగితం మీద మాత్రం రెండు రాష్ట్రాలు. లైసెన్సులో స్టేషన్ ఎక్కడ పెడతారో ఆ అడ్రసే ఉంటుంది కాబట్టి ముందు దాన్ని సరిచేయించుకోమన్నారు మాస్టారు. సరిహద్దు ఊళ్లలో పెళ్లి చేసుకుని వచ్చిన ఆడవాళ్లందరికీ ఈ తిప్పలు తప్పవు, ఇది మొదటే చూసుకోండి.

2024 కార్తీక మాసంలో విశాఖలో పరీక్ష రాశాను. గుణుపూర్ నుంచి వచ్చే పాసింజర్‌లో వెళ్లాను, కిటికీ పక్క సీటు, ఒళ్లో నోట్సు. పరీక్ష హాల్లో అందరూ ఇంజనీరింగ్ కుర్రాళ్లే ఉంటారని టెన్షన్ పడ్డాను గాని నాకంటే పెద్దవాళ్లు కూడా కనబడ్డారు. పేపరు కష్టంగా లేదు. ఫలితం సంక్రాంతి దాటాక వచ్చింది. అది సర్టిఫికెట్ మాత్రమే, దాంతో గాల్లో మాట్లాడడానికి లేదు. లైసెన్సుకి మళ్లీ వేరే అప్లికేషన్. ఇరవై ఏళ్లకి వెయ్యి రూపాయలు, జీవితకాలానికి రెండు వేలు. నేను వెయ్యి కట్టాను. "ఇరవై ఏళ్లయ్యాక రెన్యువల్ నేనే చేయిస్తాలే" అన్నారు మా ఆయన, ఏ ధైర్యంతో అన్నారో.

ఇక ఎదురుచూపు. రోజూ షాపు తెరవగానే పోర్టల్ చూడ్డం, స్టేటస్ మారలేదని ముఖం వేలాడేసుకోవడం. కాల్‌సైన్ (గాల్లో మన పేరులా వాడే గుర్తు) వచ్చేసరికి ఊళ్లో రథయాత్రకి రథం కట్టే పని నడుస్తోంది, అంటే 2025 జూన్. వీయూ3తో మొదలవుతుంది, రిస్ట్రిక్టెడ్ వాళ్లకి అలాగే ఇస్తారు. చివరి మూడక్షరాలు ఇక్కడ రాయను. ఆ రోజు షాపులో ఉన్న ఖాళీ కాగితాలన్నిటి మీదా అవే రాసుకున్నాను.

ఈ మధ్యలో సెట్టు ముందే కొని పెట్టుకుంటే పోలా అనిపిస్తుంది. కొనకండి. లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిట్ చేసే సెట్టు దగ్గర ఉంచుకోవడమే నేరం, మాట్లాడినా మాట్లాడకపోయినా. లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోగలిగేవి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే చిన్న వాకీటాకీలు, అవి వేరే. ఆన్‌లైన్లో వాకీటాకీల అమ్మకాల మీద 2025లో వినియోగదారుల రక్షణ అథారిటీ గట్టి నిబంధనలే తెచ్చింది. నేను విశాఖలో లైసెన్సున్న ఒక హ్యామ్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. యూవీ-5ఆర్, రెండు బ్యాండ్‌లది, ఐదు వాట్ల లోపు. 2,800 ఇచ్చాను. ఇద్దరి కాల్‌సైన్‌లూ, సీరియల్ నంబరూ వేసి ఒక కాగితం రాయించుకున్నాను. ఆ కాగితం తర్వాత పనికొచ్చింది, చెబుతాను.

జులైలో సెట్టు ఇంటికొచ్చింది. అరచేతిలో పట్టేంత ఉంది, పైన రబ్బరు యాంటెన్నా. పక్కన నారింజ రంగు బటన్ ఒకటుంది. అది ఒకసారి నొక్కితే ఎఫ్‌ఎం పాటలు వస్తాయి. నొక్కి పట్టుకుంటే సైరన్ మోగుతుంది, పైన లైటు టపటపా కొట్టుకుంటుంది. రాత్రి పదకొండింటికి మా ఇంట్లో అది మోగినప్పుడు మా అత్తగారు లేచి కూర్చుని మళ్లీ తుపానా అన్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ బటన్ సంగతి పగలే చూసుకోండి.

145.500 మెగాహెర్ట్జ్ పెట్టాను. మామూలుగా ఒకర్నొకరు పిలుచుకునే చోటు అది. మనకి రెండు మీటర్ల బ్యాండ్ 144 నుంచి 146 దాకా. ఒక్క శబ్దం లేదు. స్క్వెల్చ్ (ఎవరూ మాట్లాడనప్పుడు హోరు వినబడకుండా ఆపే సెట్టింగు) సున్నాకి తగ్గిస్తే హుష్షుమని హోరు. పొద్దున్న, మధ్యాహ్నం షాపు గల్లా పెట్టె పక్కన, రాత్రి డాబా మీద, ఎప్పుడు పెట్టినా అదే హోరు. ధైర్యం చేసి కాల్‌సైన్ చెప్పి పిలిచాను. మెట్లెక్కి వస్తున్న మా ఆయన "ఏటే, పిట్టగోడతో మాట్లాడుతున్నావా?" అన్నారు. నవ్వొచ్చింది గాని లోపల బాధగానే ఉంది. పరీక్ష, ఫీజులు, ప్రయాణాలు, ఇన్ని నెలలు, అంతా ఈ హోరు కోసమా అనిపించింది.

మాస్టారికి ఫోన్ చేశాను. "సెట్టుకేం కాలేదమ్మా. మీ ఊరు గిన్నెలో ఉంది, చుట్టూ కొండలు అంచులు. గిన్నె అడుగున కూర్చుని పిలిస్తే నాకెలా వినబడుతుంది?" అన్నారు. ఈ ఫ్రీక్వెన్సీలు దాదాపు చూపు మేరే వెళ్తాయి. నేల మీద నిలబడి చేతిలో సెట్టు పట్టుకుంటే అడ్డం లేని మైదానంలో కూడా ఐదారు కిలోమీటర్లే లెక్క. టెక్కలి మాకు సూటిగా పాతిక కిలోమీటర్లకి అటూ ఇటూ, మధ్యలో గుట్టలు. పైగా రెండు మీటర్ల మీద ఈ చుట్టుపక్కల రోజంతా మాట్లాడేవాళ్లు ఉండరు, టైమ్ అనుకుని వస్తేనే ఎవరైనా ఉంటారు. ఇదే నాకెవరూ చెప్పని మాట.

విచిత్రం చూడండి, నా సెట్టులో మొదట వినబడింది టెక్కలి కాదు, అంతరిక్షం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి అప్పుడప్పుడు 145.800 మీద బొమ్మలు పంపుతారు, శబ్దం రూపంలో. అది నాలుగొందల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి నెత్తి మీదుగా పోయేటప్పుడు మా కొండలేవీ అడ్డం రావు. ఏ రాత్రి ఎన్నింటికి పోతుందో ఫోన్లో చూసి డాబా ఎక్కాను. హోరు మధ్యలోంచి కీచుకీచుమంటూ ఒక శబ్దం పైకి తేలింది. రోబో36 అనే యాప్ తెరిచి ఫోన్ మైకుని సెట్టు స్పీకర్‌కి ఆనించి పట్టుకున్నాను. బొమ్మ పై నుంచి కిందకి గీత గీతగా దిగుతుంది, ఒక్కోదానికి రెండు నిమిషాలు. సగం దాకా వచ్చి మిగతాది చుక్కలైపోయింది, కేంద్రం కొండల వెనక్కి దిగిపోయింది. సగం బొమ్మే గాని సెట్టు బాగుందని నాకు రుజువైంది. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

తర్వాత పని యాంటెన్నా. మొదట ఖర్చు లేని చిట్కా చేయించారు మాస్టారు: 49 సెంటీమీటర్ల ఇన్సులేటెడ్ వైరు ముక్క కోసి, ఒక చివర వలిచి, యాంటెన్నా మరలో లోహపు అంచుకి బిగిసేలా చుట్టి కిందకి వేలాడదీయడం. తరంగం పొడవు రెండు మీటర్ల పైచిలుకు, అందులో నాలుగో వంతుకి కాస్త తక్కువ ఆ కొలత. నమ్మబుద్ధి కాలేదు గాని తేడా ఉంది. అంతకుముందు పూర్తిగా హోరులో మునిగిపోయే మాస్టారి పిలుపు, డాబా మీద ఒక మూల నుంచుంటే ముక్కలు ముక్కలుగా తెలిసింది.

అసలు యాంటెన్నా స్లిమ్‌జిమ్. దీనికి మూడొందల ఓమ్‌ల రిబ్బన్ వైరు కావాలి. దూరదర్శన్ రోజుల్లో డాబా మీది యాంటెన్నా నుంచి టీవీకి దిగే చదును వైరు ఉండేదే, అదే. మా మావగారు ఏదీ పారేయరు. అటక మీద పాత ట్రంకు పెట్టెలో చుట్ట చుట్టి దొరికింది. మీటరున్నర లోపు ముక్క సరిపోయింది. ఒక వైపు తీగలో చిన్న కోత, పై చివరా కింద చివరా రెండు తీగలూ కలిపి టంకం, అడుగు నుంచి కొద్ది సెంటీమీటర్ల పైన కేబుల్ అతకడం. టంకం మా వీధి చివర మొబైల్ రిపేర్ అబ్బాయి పెట్టాడు, ఏభై రూపాయలు తీసుకున్నాడు. అతికే చోటు పైకీ కిందకీ జరుపుకుంటూ పోవాలి. మాస్టారు ఒక ఆదివారం మీటరు పట్టుకుని వచ్చి, జరిపి జరిపి ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నాలోకి పోకుండా పవర్ ఎంత వెనక్కి వస్తుందో చెప్పే కొలత, ఒకటికి దగ్గరైతే మంచిది) ఒకటిన్నర లోపుకి తెచ్చారు. దాన్ని పీవీసీ పైపులో దూర్చి మూత పెట్టి వాటర్ ట్యాంకు పక్కన కట్టాం.

కేబుల్ దగ్గర ఒక మాట. ఎంత పొడుగైతే అంత పవర్ మింగేస్తుంది. ఆర్‌జీ-58 పది మీటర్లకి మూడో వంతు పైనే పోతుంది. మేం డాబా మెట్ల గదిలోనే కుర్చీ వేసి కేబుల్ పొట్టిగా ఉంచాం. సెట్టుకి కేబుల్ తగిలించే అడాప్టర్ ఆన్‌లైన్లో పెడితే ఒక అమ్మకందారు ఉల్టాది పంపాడు. ఈ సెట్టుకి మధ్యలో పిన్ను సెట్టు వైపే ఉంటుంది, కాబట్టి అడాప్టర్ వైపు రంధ్రం ఉండాలి. చాలా కంపెనీల సెట్లకి దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. తిరిగి పంపి మార్పించుకునేసరికి పది రోజులు పైనే పట్టింది.

పైపు నిలబెట్టిన మర్నాడే పక్కింటావిడ వచ్చింది. "ఏటమ్మా, సెల్ టవర్ పెడతన్నారా? పిల్లలున్న ఇళ్లు" అంది. చేతి సెట్టు చూపించి, ఇది మీ వంటింటి బల్బు కంటే తక్కువ వాట్లదని చెప్పాను. నమ్మిందో లేదో గాని తర్వాత తుపాను వార్తలొచ్చినప్పుడల్లా "నీ రేడియోలో ఏటంటన్నారు?" అని అడుగుతోంది.

కంప్యూటర్‌తో ప్రోగ్రామింగ్ చేసుకుంటే ఛానెళ్లు పేర్లతో దాచుకోవచ్చు. దానికి చర్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక యూఎస్‌బీ కేబుల్ కావాలి. కేబుల్ 350. నాకు కంప్యూటర్లతోనే జీవితం, అయినా రెండు సాయంత్రాలు మింగేసింది. ఒకటి డ్రైవర్ గోల: కేబుల్‌లో చిప్పు నకలుదైతే కొత్త విండోస్ దాన్ని ఒప్పుకోదు, పాత డ్రైవర్ వెతికి ఎక్కించాలి. రెండోది, రెండు పిన్నుల ప్లగ్గు సెట్టులోకి బలంగా టక్కుమనే దాకా నొక్కాలి. సెట్టు విరిగిపోతుందేమో అన్నంత గట్టిగా. మొదట సెట్టులో ఉన్నది చదివి ఒక కాపీ దాచుకుని తర్వాతే మార్పులు చేయండి.

కేబుల్ లేకపోయినా ఫర్వాలేదు. రిపీటర్ (ఎత్తున ఉండి మన మాట అందుకుని మళ్లీ దూరానికి పంపే స్టేషన్) వాడాలంటే మూడు మెనూలు చాలు: 25లో షిఫ్ట్ (వినే ఫ్రీక్వెన్సీకీ పంపేదానికీ తేడా) మైనస్సా ప్లస్సా, 26లో ఎంత, రెండు మీటర్లకి సాధారణంగా 600 కిలోహెర్ట్జ్, 13లో మనం పంపే టోన్ (రిపీటర్ తెరుచుకోవడానికి మాటతో పాటు వెళ్లే సన్నని స్వరం). అన్నీ పెట్టుకున్నాక 27లో దాచుకోవాలి. రిపీటర్ మీకు చక్కగా వినబడుతూ మీరు పిలిస్తే ఉలక్కపోతే ముందు ఆ టోన్ చూడండి. 39లో రోజర్ బీప్ ఆపేయండి, మాట అయిపోయిన ప్రతిసారీ కుయ్యిమంటే సీనియర్లకి చిర్రెత్తుతుంది.

వినాయక చవితి వెళ్లిన ఆదివారం రాత్రి మెట్ల గదిలో కూర్చున్నాను. చెప్పాల్సిన నాలుగు ముక్కలూ కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఎనిమిదిన్నరకి మాస్టారు పిలిచారు, గరగరగా అయినా ప్రతి అక్షరం తెలిసింది. నా వంతు వచ్చింది. పీటీటీ, అంటే మాట్లాడే బటన్, నొక్కాను. గొంతు పెగల్లేదు. కాగితం ఎదురుగానే ఉంది, అయినా నా కాల్‌సైనే నోట్లోంచి రావడం లేదు. వదిలేసి మళ్లీ నొక్కి, నొక్కాక ఒక్క క్షణం ఆగి, "విక్టర్ యూనిఫామ్ త్రీ..." అన్నాను. ఆగకపోతే మొదటి అక్షరం తెగిపోతుంది, ఇది అందరికీ అయ్యేదేనట. అంతా ఇంగ్లీషులోనే మాట్లాడాలేమో అని భయపడ్డాను. ఆయన నా కాల్‌సైన్ తిరిగి చెప్పి "వినబడుతున్నావమ్మా, ఐదు ఏడు. మీ దగ్గర వానేనా?" అన్నారు. వానే అన్నాను. ఐదు ఏడు అంటే మాట స్పష్టత ఐదుకి ఐదు, సిగ్నల్ బలం తొమ్మిదికి ఏడు. చివర్లో "సెవెంటీ త్రీ" చెప్పుకున్నాం, హ్యామ్‌ల భాషలో శుభాకాంక్షలు అని. లాగ్ బుక్కులో తారీకు, టైము, ఫ్రీక్వెన్సీ రాసేటప్పుడు చూస్తే నా చేతిరాత నాకే అర్థం కాలేదు, అంత వణుకు.

అక్టోబరు 28న మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాకీ హెచ్చరిక ఉంది. ముందు రోజే బ్యాటరీలు నింపాను. 1800 ఎంఏహెచ్ బ్యాటరీ ఎక్కువసేపు వింటూ, తక్కువ మాట్లాడితే రోజు దాటి వస్తుంది. ఇంకోటి 600 పెట్టి కొన్నాను. మాకు ఫోన్లు పోలేదు, అదృష్టం. అయినా గంట గంటకీ మాస్టారితో పలకరించుకున్నాం, అక్కడ గాలి ఎలా ఉంది, ఇక్కడ మహేంద్రతనయ ఎంత ఉంది అని. అక్కతో మాత్రం ఫోనే. ఉదయగిరి వైపు లైసెన్సున్న మనిషి ఒక్కరు ఉంటే తప్ప నా సెట్టు వాళ్లకి పనికిరాదు. అందుకే అక్క కొడుక్కి ఇప్పుడు ఓమ్స్ లా నేర్పిస్తున్నాను, పద్నాలుగేళ్లవాడు.

మొన్న ఫిబ్రవరి 15, శివరాత్రి. మహేంద్రగిరి జాతరకి వెళ్లాం. లైసెన్సు అడ్రసు దాటి వేరేచోట నుంచి మాట్లాడేముందు తెలియజేస్తూ లేఖ పంపడం మంచిదని మాస్టారు చెబితే ముందే పంపాను. లైసెన్సు కాపీ, సెట్టు కొన్న కాగితం ప్లాస్టిక్ కవర్లో బ్యాగులో ఉన్నాయి. కొండ మీద యాంటెన్నా బయటికి తీయగానే ఒక పోలీసు వచ్చి ఒడియాలో ఎవరి సెట్టని అడిగాడు. ఈ అడవుల్లో అలా అడగడం ఆయన డ్యూటీ. కాగితాలు చూపించాను, సీరియల్ నంబరు సెట్టు వెనక ఉన్నదానితో పోల్చి చూశాడు, ఫొటో తీసుకున్నాడు. తర్వాత "ఇందులో బ్రహ్మపూర్ తగుల్తుందా?" అని అక్కడే నిలబడ్డాడు.

తగిలింది. 1,501 మీటర్ల ఎత్తు, లెక్క ప్రకారం రేడియో చూపు నూట అరవై కిలోమీటర్లు. అదే సెట్టు, అదే రబ్బరు యాంటెన్నా, కింద వేలాడే అదే 49 సెంటీమీటర్ల వైరు. బ్రహ్మపూర్ ఆయన ఐదు తొమ్మిది ఇచ్చారు, ఒడియాలో మాట్లాడాం. వెంటనే మధ్యలో శ్రీకాకుళం నుంచి ఇంకొకాయన తెలుగులో దూరారు. మాస్టారి వంతు రావడానికే టైము పట్టింది.

సెట్టు, రెండో బ్యాటరీ, కేబుళ్లు, అడాప్టర్, పైపు, టంకం, ఫీజులు, విశాఖ ప్రయాణాలు అన్నీ కలిపితే ఆరు వేలు దాటింది, ఏడు కాలేదు. ఇప్పుడు రాత్రిళ్లు మోర్స్ నేర్చుకుంటున్నాను, జనరల్ గ్రేడ్‌కి అది ఉండాలి. పాతపట్నం, టెంబూరు, కాశీనగరం వైపు ఎవరైనా కొత్తగా లైసెన్సు తీసుకుని ఉంటే, ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి 145.500 మీద పిలవండి. డాబా ఎక్కి పిలవండి, వైరు ముక్క కట్టుకుని. వారాల తరబడి బదులు రాలేదని సెట్టు మాత్రం అమ్మేయకండి.